చెవులపిల్లి సలాం

ఫిబ్రవరి 4, 2024, ఆదివారం

రోజంతా నోరు మూసుకుని ఉండే ఉద్యోగం నాది. సాయంత్రానికి మాటలతో కడుపు ఉబ్బిపోతుంది. అందుకే ఈ డైరీ. పార్కు గిఫ్ట్ షాపులో అట్ట మీద అక్షరం తప్పు పడిందని మూలకు పడేసిన వాటిలో ఒకటి అడిగి తెచ్చుకున్నాను. ‘కిలకిల వరల్డ్’ అని ఉండాల్సింది ‘కిలల వరల్డ్’ అయింది. మొదటి పేజీలో వివరాలు నింపమని గళ్ళు ఉన్నాయి. పేరు: మెర్సీ. హోదా: చెవులపిల్లి.

హైదరాబాద్‌లో ఎవరో కుందేలు బొమ్మ గీసి దానికి జంపూ అని పేరు పెట్టారు. జడ్చర్ల నుంచి హైవే మీద వచ్చే పిల్లలు ఆ పేరు పట్టించుకోరు. గేటు దాటగానే అగో గా చెవులపిల్లిని సూడే అని అరుస్తారు. నేను తొడుక్కునే ఆ వేషంలో తల ఒక్కటే నాలుగు కిలోలు. లోపల తడిసిన పరుపు వాసన. నోటి దగ్గర జాలీ ఉంది, అందులోంచే చూడాలి, అందులోంచే గాలి పీల్చాలి. కుడి బూటు చిరిగితే నా కొలతకు కొత్తది కుట్టించారు. ఎడమది మాత్రం నా ముందు పనిచేసిన ఆరడుగులవాడిదే. గుడ్డ కుక్కినా అది కాలికి నిలవదు, ఈడ్చుకుంటూ నడుస్తాను.

రూల్స్ మూడే. మాట్లాడకూడదు. జనంలో తల తీయకూడదు. లోపల మనిషి ఉన్నట్టు ఎవరూ ఒప్పుకోకూడదు. ఈ మూడూ మేనేజర్ కృష్ణకాంత్ సార్ రోజూ పొద్దున అప్పజెప్పించుకుంటాడు. టై లేకుండా ఆయన్ని వాళ్ళమ్మ కూడా చూసి ఉండదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

ఇవాళ పైకి పోయేదాన్నే.

రెండింటికి పరేడ్. చెమట కళ్ళలోకి కారి ఏమీ కనబడలేదు. ఊపిరి అందడం లేదు. నా పక్కన వీరేశం కాక ఉంటాడు. పిల్లలు నా తోక గుంజకుండా చూడటం, నన్ను దారిలో నడిపించడం ఆయన పని. హ్యాండ్లర్ అంటారు. ఇంతకు ముందు జడ్చర్ల బస్టాండులో ఆటో నడిపేవాడు. కాకా, కాకా అని లోపలి నుంచి అరిచాను. డీజే మోతలో ఆయనకేం వినబడుతుంది? చివరికి ఆయన కాలు తొక్కాను. అప్పుడు అర్థమై, టాయిలెట్ల వెనక ఉన్న మా రేకుల షెడ్డుకు లాక్కుపోయి తల ఊడబీకాడు.

ఇట్లయితే కుదరదని ఇద్దరం ఒక గుర్తు పెట్టుకున్నాం. కుడి చెవి మొదట్లో రెండుసార్లు కొడితే, నాకు బుగులైతాంది, ఊపిరాడ్తలేదు, ఎనకకు తోల్కపో అని. కాక నా చేతిలో చెయ్యి వేసి, రెండుసార్లు కొట్టు చాలు బిడ్డా, గక్కడ ఎవలున్నా సూడ, గుంజుకపోత అన్నాడు.

తలలో చిన్న ఫ్యాన్ పెట్టించమని కృష్ణకాంత్ సార్‌ను అడిగాను. చూద్దాం అన్నాడు. ఆయన చూద్దాం అంటే చూడడని అర్థం.

ఫిబ్రవరి 18, ఆదివారం

మా ఊరి పటేల్ కోడలు వచ్చింది. వాళ్ళింట్లో మా అమ్మ నిర్మలమ్మ ఇరవై ఏళ్ళుగా పని చేస్తోంది, వాకిలి దాకానే. చాయ్ ఇస్తే అమ్మ గ్లాసు వేరు, గోడ పక్కన బోర్లించి ఉంటుంది. ఆ కోడలు ఇవాళ ఉరుక్కుంటూ వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. కొడుకును తెచ్చి నా చంకలో పెట్టింది. వాడు నా ముక్కు మీద ముద్దు పెట్టాడు. జాలీలోంచి ఆమె ముఖాన్ని జానెడు దూరంలో చూశాను. లోపల నవ్వాను. గట్టిగానే నవ్వాను. ఎవరికి వినబడుతుంది?

ఈ ఉద్యోగంలో నాకు ఇష్టమైంది ఇదొక్కటే. తల పెట్టుకుంటే అందరూ నన్ను ముట్టుకుంటారు. ఈ తల కోసం ఉక్క భరిస్తాను, వాసన భరిస్తాను, కృష్ణకాంత్ సార్ టైని కూడా భరిస్తాను.

సాయంత్రం 6

ఇందాక రాయడం మరిచాను. ఆ పిల్లోణ్ణి దింపాక కళ్ళు తిరిగి చెవి మీద రెండుసార్లు కొట్టాను. కాక వెంటనే నా రెక్క పట్టుకున్నాడు. చెవులపిల్లి గట్లెందుకు కొట్టుకుంటాంది తాతా అని వాడు అడిగాడు. లోపల మనిషి ఉందని చెప్పకూడదు కదా. కాక వాడి వైపు వంగి, గది నీకు సలాం కొడుతాంది బిడ్డా అన్నాడు.

వాడు తన చెవి మీద రెండుసార్లు కొట్టుకుని నాకు తిరిగి సలాం చేశాడు. షెడ్డులో తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం.

మార్చి 3, ఆదివారం

నవ్వింది చాలు. ఇప్పుడు గేటు దగ్గరే మొదలవుతోంది. పిల్లలు, వాళ్ళ నాన్నలు, స్కూలు బస్సు దిగిన టీచర్లు, అందరూ నన్ను చూడగానే చెవి మీద రెండు దెబ్బలు. చెవులపిల్లీ సలాం కొట్టు, సలాం కొట్టు అని వెంటపడతారు. కొట్టకపోతే ఏడుస్తారు. కొడితే కాక ఉలిక్కిపడి నా వైపు చూస్తాడు. తల అడ్డంగా ఊపి, ఉత్తిదే అని చెప్పాలి.

కృష్ణకాంత్ సార్ మహా సంబరపడిపోతున్నాడు. టీషర్టు మీద అచ్చు వేయిస్తున్నాడు. ‘జంపూ సలాం’ అని. కాక ఒక్క అబద్ధం ఆడితే ఈయన దాన్ని మూడు సైజుల్లో కుట్టించాడు.

గుర్తు మారుద్దాం కాకా అన్నాను. నాకు తెలుస్తది తియ్యి బిడ్డా, నీ సలామేదో నీ బుగులేదో నాకు ఎరుకలేదా అన్నాడు. నేనూ ఊరుకున్నాను. మార్చాల్సింది.

మార్చి 10, ఆదివారం

పొద్దున్నే కృష్ణకాంత్ సార్ షెడ్డుకు వచ్చి, మెర్సీ, మన జంపూకి ఫ్యాన్ వచ్చింది అన్నాడు.

నెల రోజుల నుంచి అడుగుతున్నాను కదా. సంతోషంతో థాంక్యూ సార్ అని రెండుసార్లు అన్నాను. బ్యాటరీదా, చార్జింగ్‌దా అని అడిగాను. ఆయన వింతగా చూసి, బయట ఉంది పోయి చూడు అన్నాడు.

పోయి చూశాను. ఇంకో జంపూ నిలబడి ఉంది.

నిరోష అట పేరు. డిగ్రీ చదువుతోంది హైదరాబాద్‌లో. నా వేషం మొత్తం ఫోమ్‌తో సొంతంగా కుట్టుకుని వచ్చింది. కాస్‌ప్లే అంటారట దాన్ని, ఇష్టమైన బొమ్మలాగా తయారై తిరగడం. నేను చేస్తే కూలి, ఆమె చేస్తే కళ. ఆమె తలలో మాత్రం రెండు ఫ్యాన్లు ఉన్నాయి. తల తీసి నాకు తిప్పి చూపించింది. జనం ముందే తీసింది. ఆమెకు రూల్స్ లేవు.

మార్చి 17, ఆదివారం

మళ్ళీ వచ్చింది ఆ నకలు. ఈసారి తనలాంటి వాళ్ళను ఇంకో ఐదుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. ఆరు చెవులపిల్లులు గేటు దగ్గర ఫోటోలు దిగాయి.

ఆమె ఎడమ కాలు ఈడుస్తూ నడుస్తోంది. మొదట కాలికి దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. తర్వాత చూస్తే ఆరుగురూ ఈడుస్తున్నారు. నా వీడియోలు ఆపి ఆపి చూసి నేర్చుకుందట. జంపూ నడకలో ఒక బాధ ఉందట, గతంలో ఉచ్చులో కాలు పడి ఉంటుందట. దాని మీద ఆమె ఒక వీడియో చేసింది. నలభై నిమిషాలు.

ఓసి నీ. అది పెద్ద బూటే.

ఇంకొకటి. ఆమె సలాం నా కన్నా బాగా కొడుతుంది. అరచేయి చాపి, తల పక్కకు వాల్చి, జనం వైపు చూస్తూ. సలాం అంటే గౌరవం, ఎదుటివాడి మాట వింటున్నాననడం అని ఎవరికో చెబుతోంది. నేను పక్కనే ఉన్నాను. నాకు నోరు లేదు.

మార్చి 18

ఆమె అంటే అసహ్యం. ఇంతకన్నా మంచి మాట దొరకలేదు.

మార్చి 31, ఈస్టర్ ఆదివారం

తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి పోతారు. నాయిన సమాధికి సున్నం వేయించాను, కానీ కొవ్వొత్తి పెట్టడానికి పోలేదు. ఆరింటికే డ్యూటీ. ఈస్టర్ బన్నీ స్పెషల్ అట. నా చేతికి రంగుల గుడ్ల బుట్ట ఇచ్చారు. ప్రభువు సమాధిలోంచి లేస్తే చెవులపిల్లికి ఏం సంబంధమే, గుడ్లకు ఏం సంబంధమే అని అమ్మ అడిగింది. నాకు తెలియదన్నాను. కృష్ణకాంత్ సార్‌ను అడిగాను. అది ఇంటర్నేషనల్ అన్నాడు.

పార్కు మొత్తం మీద నిజంగా ఈస్టర్ ఉన్నది నాకొక్కదానికే. ఆ గుడ్లు పంచుతూ తిరిగింది నేనే.

ఏప్రిల్ 8, సోమవారం

సమ్మర్ స్పెషల్ నోటీసు అంటించారు. పరేడ్ ఇరవై నిమిషాలు కాదు, ముప్పై. మధ్యలో జంపూను వెనక్కి తీసుకుపోతే హ్యాండ్లర్‌ది బాధ్యత అని కింద రాసి ఉంది. కాక చాలాసేపు దాని ముందు నిలబడి చదువుకున్నాడు.

ఏప్రిల్ 16, మంగళవారం

రెండు రోజులు పెన్ను పట్టుకోలేదు. 

ఆదివారం పరేడ్. పదిహేనో నిమిషం అనుకుంటా, ఎక్కిళ్ళ లాగా ఊపిరి తెగుతోంది. రెండుసార్లు కొట్టాను. నా ముందు ఎంత లేదన్నా మూడు వందల మంది. మూడు వందల మందీ చెవుల మీద కొట్టుకుని నాకు తిరిగి సలాం చేశారు. ఈలలు వేశారు. కాక వైపు తిరిగి మళ్ళీ కొట్టాను. కాక నన్ను చూశాడు. జనాన్ని చూశాడు. గడియారం చూశాడు. నవ్వి తానూ సలాం కొట్టాడు.

లోపల ఉన్నప్పుడు టైం గడవడానికి అంకెలు లెక్కపెట్టే అలవాటు నాకు. అప్పుడు కూడా లెక్కపెట్టాను. మొదటి దెబ్బ నుంచి నేను నేల మీద పడేదాకా నలభై.

కళ్ళు తెరిస్తే షెడ్డులో ఉన్నాను. కాక నా పాదాలు రుద్దుతూ ఏడుస్తున్నాడు. నేననుకున్న బిడ్డా సలామే అని, నేను ఆగమైన బిడ్డా అంటున్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఎందుకో రాలేదు. వచ్చిన కోపమంతా సలాం అంటే గౌరవమని ఊరందరికీ నేర్పిన నిరోష మీదికి పోయింది. ఈ ఉమ్మడి నాటకంలో ఆమె వంతు ఎంతో నాకు లెక్క తెలియదు. కానీ కోపానికి ఒక ముఖం కావాలి, ఆమెది చేతికి అందింది.

నేను పడిన వీడియోకు ‘జంపూ నిద్రపోయింది’ అని పేరు పెట్టారు. లక్షల మంది నవ్వారు.

ఏప్రిల్ 17

అమ్మ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు తాగించింది. వేషాలోళ్ళ పని మనకెందుకే మానేయి అంది. మానను.

ఏప్రిల్ 20, శనివారం

మానాల్సిన అవసరం రాలేదు. వాళ్ళే తీసేశారు.

కృష్ణకాంత్ సార్ కుర్చీ వేయించి, నీళ్ళు ఇప్పించి మరీ చెప్పాడు. నా ఆరోగ్యం ముఖ్యమట. వేసవి సెలవులు అయ్యేదాకా జంపూగా నిరోష చేస్తుందట. ఆమెకు ఫాలోవర్లు ఉన్నారు, నడక వచ్చు, సలాం వచ్చు, క్యారెక్టర్ మీద ఆమెకు ఉన్నంత అవగాహన ఎవరికీ లేదు అన్నాడు. నా బూటు మీద, నా ఉక్క మీద ఆమెకు అవగాహన!

నన్ను హ్యాండ్లర్‌ను చేశారు. నా పాత తోకకు నేనే కాపలా. కాకను పార్కింగ్‌కు పంపారు.

షెడ్డులో తలను ఒకసారి ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల నా వాసన ఉంది. ఏడ్చాను, రాయడానికి సిగ్గేం లేదు.

ఏప్రిల్ 24, బుధవారం

స్కూళ్ళకు సెలవులు మొదలు. ఆమెకు పని నేర్పమన్నారు.

జిప్పు ఎక్కడ ఉందో చూపించాను. బూట్లలో గుడ్డ ఎలా కుక్కాలో చూపించాను. కంపెనీతో అగ్రిమెంటు కాబట్టి ఆమె తల వాడటానికి వీల్లేదు, ఈ తలే పెట్టుకోవాలి. ఇందులో ఫ్యాన్ ఎక్కడుంది అక్కా అని అడిగింది. లేదన్నాను. ఇన్నాళ్ళు నువ్వు ఫ్యాన్ లేకనే చేసినవా అని కళ్ళు పెద్దవి చేసింది. జాలి పడింది. ఆ జాలి చూసి ఒళ్ళు మండింది.

ఇంకేమన్న ఉన్నదా అక్కా నేను తెలుసుకోవలసింది అని అడిగింది. ఉన్నవన్నీ నీకే తెలుసట కదా అన్నాను. నవ్వి, సలాం గురించి అయితే నాకు ఫుల్లు తెలుసు అంది.

 చెప్పడానికి ఎంతసేపు? ఒక్క మాట. అది సలాం కాదు, ఊపిరాడటం లేదని. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

ఏప్రిల్ 28, ఆదివారం

ఐదు నిమిషాలకొక సలాం కొడుతోంది. జనం ఊగిపోతున్నారు. నేను చూడటం మానేశాను.

మే 2, గురువారం

నిరోష వాళ్ళది మోత్కూర్ అట. వాళ్ళమ్మ నర్సింగమ్మ టైలరట. ఆ మిషను మీదే వేషం కుట్టుకుందట, ఫోమ్ కింద గోనెపట్టా పెట్టి. పెద్దింటి పిల్ల అనుకున్నాను. టిఫిన్ డబ్బాలోంచి సగం రొట్టె నాకు ఇచ్చింది. ఆకలి లేదన్నాను. ఆకలిగానే ఉంది.

మే 5, ఆదివారం, సాయంత్రం 7

ఉన్నదున్నట్టు రాయాలి. ఇంకెక్కడా చెప్పలేను.

ఇవాళ ఎండ గురించి రాయనవసరం లేదు, బండ మీద కాలు పెడితే చర్మం అంటుకుంది. పరేడ్ మూడింటికి. పదమూడు నిమిషాల దాకా నిరోష బాగానే చేసింది. పద్నాలుగో నిమిషంలో ఆగింది. చెవి మీద రెండుసార్లు కొట్టింది.

జనం తిరిగి కొట్టారు. కానీ అది సలాం కాదు. ఆమె సలాంలో అరచేయి చాపి ఉంటుంది, ముఖం జనం వైపు ఉంటుంది. ఇది పిడికిలి. మెడ దగ్గర తగిలింది. ఆమె జనం వైపు చూడలేదు, నా వైపు తిరిగింది. నేను ఆమెకు ఆ గుర్తు నేర్పలేదు. అయినా చెయ్యి అక్కడికే పోయింది. లోపల ఊపిరి ఆగితే చెయ్యి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

వెంటనే తెలిసింది. మొదటి దెబ్బకే తెలిసింది. అనుమానం లేదు.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఒకటి, రెండు. బయట నిలబడి లెక్కపెట్టడం నాకు ఇదే మొదటిసారి. పద్దెనిమిది దగ్గర మళ్ళీ కొట్టింది. ఒక పిల్ల నాన్న భుజాల మీద కూర్చుని తిరిగి కొట్టింది. ఇరవై ఆరు దగ్గర నా వైపు చెయ్యి చాపింది. ముప్పై మూడు దగ్గర మోకాళ్ళు వంగాయి. నాకు నలభై పట్టింది, దీనికీ నలభై పట్టనీ అనుకున్నాను. మాటలు కూడా ఇవే. నలభై దగ్గర పడింది.

అప్పుడు ఉరికాను. పడ్డాక ఉరకడం ఎవరికైనా వస్తుంది. జనం మధ్యలోనే తల ఊడబీకాను. లోపల మనిషి ముఖం చూసి పిల్లలు కేకలు పెట్టారు. పెదవులు నల్లగా ఉన్నాయి. పక్కనున్న ఐస్ బండిలోంచి ఐసు తీసి మెడ మీద పెట్టాను, నీళ్ళు పోశాను, జిప్పు చింపేశాను. నా చేతులకు ఏం చేయాలో అంతా తెలుసు. ముందు నుంచీ తెలుసు.

మే 6

ఐసీయూలో ఉంది. ప్రార్థన చేద్దామని మోకరించాను. ఏమని చేయాలి?

మే 8, బుధవారం

కళ్ళు తెరిచింది. ప్రమాదం లేదన్నారు. దవాఖానకు పోయాను, కృష్ణకాంత్ సార్ పొమ్మన్నాడు కాబట్టి పోయాను.

నర్సింగమ్మ వరండాలో ఉంది. మోత్కూర్ నుంచి మూడు బస్సులు మారి వచ్చిందట. వేళ్ళకు దారం కోసిన గీతలు. నన్ను ఎవరో చూపించగానే లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నా బిడ్డను బతికిచ్చినవు, నువ్వు లేకపోతే నా ఇల్లు ఆరిపోతుండె అంది. చేతులు గుంజుకున్నాను. వినయం అనుకుంది.

లోపలికి పోతే నిరోష లేచి కూర్చోబోయింది. అక్కా, నేను ఊపిరాడక కొట్టిన, అందరు సలామనుకున్నరు, నీకెట్ల తెలిసింది అని అడిగింది. తెలిసింది అన్నాను. అంతకు మించి నిజం నా నోట్లోంచి రాలేదు.

మే 9, గురువారం

నిరోష దవాఖాన మంచం మీది నుంచే వీడియో పెట్టింది. మెర్సీ అక్క నన్ను కాపాడింది, అసలు జంపూ మెర్సీ అక్కే, ఆ నడక, ఆ సలాం అన్నీ ఆమెవే, ఇన్నాళ్ళు ఆమె పేరు ఎవరికీ తెలియదు అని చెప్పింది. నా ఫోటో పెట్టింది. నాకు అసహ్యమైన మనిషి నాకు దక్కాల్సినదంతా తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు ఆమెను తిట్టుకోవడానికి కూడా నాకేం మిగల్చలేదు.

మధ్యాహ్నం కాక పార్కింగ్ నుంచి షెడ్డుకు వచ్చాడు. చొక్కా అంతా దుమ్ము. సలామని నోరు జారింది నేను బిడ్డా, నాడు నువ్వు పడ్డవు, నేడు గా పిల్ల పడ్డది, రెండు పాపాలు నా నెత్తినే అన్నాడు. తుండుతో ముఖం కప్పుకున్నాడు.

ఊకో కాకా అన్నాను. ఒకటి నీది కాదు అనాలి. అనలేదు. ముసలాయన నా పాపం కూడా మోసుకుని ఎండలోకి పోయాడు. పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

మే 11, శనివారం

కృష్ణకాంత్ సార్ నాకు శాలువా కప్పాడు. తల మళ్ళీ నాకే ఇచ్చారు. లోపల ఫ్యాన్ పెట్టించారు. ఒకటి కాదు, రెండు. పరేడ్ పది నిమిషాలు, అదీ సాయంత్రమే. అడిగినవన్నీ వచ్చాయి.

ఐదింటికి పటేల్ కోడలు వచ్చింది కొడుకుతో. వాడు ఎప్పటిలాగే చేతులు చాపి ఉరికాడు. ఆమె వాడి చొక్కా పట్టి ఆపింది. నా వైపు చూసి, మా నిర్మలమ్మ బిడ్డ మెర్సీవే కదా, వీడియోల సూసిన అంది. బాగా చేసినవు పిల్లా అంది. దూరం నుంచే ఒక ఫోటో తీసుకుంది. వాడు ఏడుస్తుంటే, వద్దు నాన్నా, చెమట ఉంటది అని చెప్పి తీసుకుపోయింది.

ఫ్యాన్లు చల్లగా తిరుగుతున్నాయి. ఈ తల కోసమే కదా నలభై దాకా లెక్కపెట్టాను.

మే 12, ఆదివారం

చర్చిలో ముందు వరుసలో ఒక చిన్నపిల్ల వెనక్కి తిరిగి, నన్ను గుర్తుపట్టి, నవ్వుతూ చెవి మీద రెండుసార్లు కొట్టుకుంది.

పాట మధ్యలో లేచి పోయి దాని గౌను మెడ గుండీలు విప్పడం మొదలుపెట్టాను. పిల్ల ఏడ్చింది. వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని ఆపింది. అయినా విప్పాను.